వంటగట్టు మీద నిమ్మచెక్క

బెంగళూరు లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం నిలిచిన బండను చూసివచ్చిన ఆదివారం సాయంత్రం నాకు భూగర్భశాస్త్రం ఒంటబట్టింది. ఆ బండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్లని, వేడికీ ఒత్తిడికీ లోనై ముదురు, లేత రంగుల చారలు తేలిన నైస్ అనే రూపాంతర శిల అని అక్కడ తెలుసుకున్నది, ఇల్లు చేరేలోగా నా సొంత పాండిత్యంగా మారిపోయింది. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఆ వారమే శిలల మీద ప్రాజెక్టు ఇచ్చారు.

మా అద్దె ఇంటి వంటగట్టు నల్లగా నిగనిగలాడుతుంది. దానిని అరచేత్తో చరిచి, "ఇది గ్రానైట్, అంటే అగ్నిశిల" అని మొదలుపెట్టాను. భూమి లోతున శిలాద్రవం నింపాదిగా చల్లారితే, పాకంలో కలకండ పలుకులు కట్టినట్టు, కంటికి కనబడేంత రవ్వలు పెరిగి గ్రానైట్ అవుతుందని, పైకి ఉబికిన లావా చప్పున చల్లారితే రవ్వలు కంటికి ఆననంత సన్నగా మిగిలి బసాల్టు వంటి రాళ్లు ఏర్పడతాయని వివరించాను.

"మరి ఇందులో రవ్వలు ఏవి నాన్నా?" అని అడిగింది అమ్మాయి. ప్రశ్న సరైనదే, అందుకే దాటవేశాను.

మా ఆవిడ పుట్టిల్లు బేతంచెర్ల. "ఏమండీ, అది..." అని ఆమె ఏదో చెప్పబోతే, శాస్త్రచర్చకు అడ్డురావద్దని వారించాను. ఆమ్లానికి లొంగేది సున్నపురాయేనని, గ్రానైట్ చెక్కుచెదరదని నిరూపించేందుకు గట్టు మీద నిమ్మకాయ పిండి, అది చాలదన్నట్టు ఆ చెక్కను అక్కడే బోర్లించి భోజనానికి కూర్చున్నాను.

తిరిగివచ్చి చెక్క ఎత్తేసరికి, నల్లని నిగారింపు నడుమ పది రూపాయల బిళ్లంత తెల్లని మచ్చ, వేలికి గరుకుగా తగిలింది.

"అది నాపరాయండీ. మా ఊళ్లో పశువుల కొట్టాంలో కూడా పరుస్తారు" అంది మా ఆవిడ.

నాపరాయి అంటే సున్నపురాయే. కోట్ల ఏళ్ల కిందట ఇప్పటి కడప, కర్నూలు ప్రాంతాన్ని కప్పిన సముద్రం అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకొని, పై బరువుకు గట్టిపడిన అవక్షేప శిల అది. ఆ పొరల వెంట చీలుతుంది కనుకనే గనుల్లో బండలు బండలుగా ఊడివస్తుంది. నిమ్మపులుపు తగిలితే అందులోని కాల్షియం కార్బనేట్ బొగ్గుపులుసు వాయువును వదులుతూ కరిగిపోతుంది. అగ్నిశిల అని నేను పరిచయం చేసిన రాయి, పుట్టింది నీళ్లలో.

పది నెలల అడ్వాన్సు ఓనరు దగ్గర ఉన్నందున, ప్రస్తుతం ఆ మచ్చ మీద మిక్సీ కొలువుతీరింది. ప్లగ్గు అక్కడికి అందదు కనుక, పచ్చడి చేసే ప్రతి ఉదయం దానిని అవతలికి మోయడం, మెట్ల మీద ఓనరు చెప్పుల చప్పుడు వినబడగానే తిరిగి తెచ్చి పెట్టడం నా పని.