బోర్డు మీదే ల్యాబ్

ఫ్లెక్సీలో తెల్లకోటు వేసుకున్న అమ్మాయి మైక్రోస్కోపులోకి చూస్తుంటుంది. వైద్య పరికరాల స్టార్టప్‌లకు ల్యాబ్ సిద్ధం, త్వరపడండి అని కింద రాత. లోపలికి వెళ్తే ఏసీ, వైఫై, కాఫీ మిషన్, వరుసగా బల్లలు. మైక్రోస్కోపు ఫ్లెక్సీ మీదే ఉండిపోయింది. విజయవాడ, గుంటూరుల మధ్య ఇంక్యుబేటర్ల పేరుతో, అంటే కొత్త కంపెనీలకు చోటిచ్చి నిలదొక్కుకునేలా చేసే కేంద్రాల పేరుతో సాగుతున్న ప్రచారంలో మాకు మింగుడుపడనిది ఇదే. బల్లలకు ల్యాబ్ అని పేరు పెడుతున్నారు.

అద్దె తక్కువ, కుర్రాళ్లకు నీడ దొరికింది కదా అంటున్నారు. సరే. యాప్ రాసుకునేవాళ్లకు బల్ల, కరెంటు ఉంటే చాలు. రోగి నరంలోకి మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు తయారుచేసేవాళ్లకు చాలదు. దాని ఒంట్లోంచి కరెంటు ఏమాత్రం లీకవుతోందో కొలవాలి. మందు పారే గొట్టం ఒంటికి పడుతుందో లేదో పరీక్షించాలి. దుమ్ము చొరబడని క్లీన్‌రూమ్ కావాలి. పైగా ప్రమాద స్థాయిని బట్టి వైద్య పరికరాలకు పెట్టిన ఎ, బి, సి, డి తరగతుల్లో అది సి. 2023 అక్టోబరు 1 నుంచి ఆ తరగతికి లైసెన్సు తప్పనిసరి. వీటిలో ఏ ఒక్క పనీ బల్ల మీద తెమలదు.

లైసెన్సు సంగతి ప్రచారకర్తలు ఎత్తనే ఎత్తరు. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల ప్రకారం అది కంపెనీకే కాదు, తయారీ జరిగే చిరునామాకూ ముడిపడి ఉంటుంది. గది ఒప్పందం పదకొండు నెలలకే రాసి, ఆనక ఖాళీ చేయమంటే ఆ కుర్రాడు కాగితాలన్నీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆ తక్కువ అద్దె అప్పుడు ఏ మూలకొస్తుంది?

మనకేం తక్కువని? గుంటూరు జీజీహెచ్‌లో రోజంతా ఓపీ క్యూలే. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. కొలత చేతికిస్తే విజయవాడ జవహర్ ఆటోనగర్ లేత్ మేస్త్రీ తెల్లారేసరికి భాగం తిప్పిచ్చేస్తాడు. అడిగే డాక్టరూ, చేసే మేస్త్రీ ఇక్కడే ఉన్నారు. మధ్యలో పరీక్షించే చోటే కరవు. అందుకోసం శాంపిల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని రాత్రి బండికి విశాఖలోని వైద్య పరికరాల తయారీ, పరీక్షల కేంద్రం మెడ్‌టెక్ జోన్‌కు పరుగు. మూడొందల యాభై కిలోమీటర్లు. అక్కడ ఫెయిలైతే తిరిగొచ్చి, సరిచేసి, మళ్లీ అదే బండి.

ఇన్ని సీట్లు నిండాయని రేపు సమీక్షలో లెక్క చెబుతారు. సీట్లు నిండటానికి ఇదేమైనా సినిమా హాలా? ఎన్ని పరికరాలు పరీక్ష దాటాయి, ఎన్నింటికి లైసెన్సు వచ్చింది, ఎన్ని ఆస్పత్రి వార్డు దాకా వెళ్లాయి అని ఒక్క అధికారీ అడగడు. అడిగితే బల్లల గుట్టు బయటపడుతుంది. ఇలాగే వదిలేస్తే వైద్యం తర్వాత వ్యవసాయం, ఆహారం, ప్రతి రంగానికీ ఇదే ల్యాబ్, ఇవే బల్లలు, బోర్డు మాత్రం మారుతుంది.

ఫ్లెక్సీకి పెట్టే డబ్బుతో ముందు ఒక లీకేజీ కరెంటు టెస్టరు కొనండి. గదిలో ఏ పరికరం ఉంది, ఏది పనిచేస్తోంది, ఏది మూలనపడింది, తలుపు మీద కాగితం అతికించండి. అతికించడానికి సిగ్గయితే ల్యాబ్ అనే మాట బోర్డు మీద నుంచి చెరిపేయండి.