నిశ్శబ్దాన్ని మింగిన పాటలపెట్టె

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో శ్రావణమాసం వచ్చిందంటే ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు ముందుగదిలోని సోఫా వరండాలోకి వెళ్ళిపోతుంది, దాని చోట రెండు జంపఖానాలు పరుచుకుంటాయి, వాటి మీద పదిహేను మంది ఆడవాళ్ళు లలితా సహస్రనామ పారాయణానికి కూర్చుంటారు. ఈ కార్యక్రమంలో నాకున్న ఉద్యోగం ఒక్కటే. ఫోనులో రికార్డు పెట్టాలి, అయిపోయాక ఆపాలి. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషికి ఇంట్లో ఇంతకన్నా బాధ్యత గల పని ఎవరూ అప్పగించలేదు కనుక దాన్ని నేను నిష్ఠగానే నిర్వహిస్తూ వచ్చాను.

ఆ రికార్డు బజారులో దొరికే సరుకు కాదు. మా వీధి చివర ఉండిన సంగీతం మేష్టారు తమ ఇంటి ముందుగదిలో టేపురికార్డరు పెట్టుకుని తొంభై నిమిషాల క్యాసెట్టు మీద స్వయంగా చెప్పి ఇచ్చినది. వేదం చెప్పేవాళ్ళు సంత చెప్పినట్టుగా ఆయన అర్ధశ్లోకం పలికి, మళ్ళీ అంతసేపు ఆగుతారు. ఆ ఆగిన సమయంలో మనం పలకాలి. అర్ధశ్లోకానికి ఐదు సెకన్లు ఆయనవి, ఐదు సెకన్లు మనవి. నూట ఎనభై పైచిలుకు శ్లోకాలకు ఈ లెక్కన గంట దాటుతుంది, అందులో సగం శుద్ధ నిశ్శబ్దం. నిశ్శబ్దమని మాటవరసకు అన్నాను కానీ, టేపు చేసే సన్నటి సుయ్‌మనే చప్పుడు, మేష్టారు ఊపిరి పీల్చుకోవడం, ముప్పయ్యో శ్లోకం దాటాక ఆయన దగ్గిన ఒక దగ్గు, రెండో వైపున వాళ్ళ వంటింట్లోంచి వచ్చిన మూడు కుక్కరు కూతలు అన్నీ అందులో ఉన్నాయి. మొదట్లో ఆ కూత వినగానే ఎవరో ఒకరు మా వంటింటికి పరుగెత్తేవారు. ఏళ్ళు గడిచేసరికి అది కూడా స్తోత్రంలో భాగమైపోయి, ఎవరూ తల తిప్పడం కూడా మానేశారు.

మేష్టారు కాలం చేసి పన్నెండేళ్ళయింది. క్యాసెట్టు అరిగిపోతుందన్న భయంతో బీసెంట్ రోడ్డులోని ఒక దుకాణంలో ఇచ్చి రెండు వైపులనూ ఎంపీ3లుగా మార్పించాను. అక్కడి కుర్రాడు ఫైళ్ళకు పేర్లు తెలుగులో పెడతానన్నాడు, నేను సంతోషించాను. ఎంపీ3 ఫైలు చివర ఐడీ3 అనే చీటీ ఒకటి అతికిస్తారని, 1996లో వచ్చిన ఆ పాత పద్ధతి చీటీ మొత్తం 128 బైట్లేనని, అందులో పాట పేరుకు 30 బైట్ల చోటే ఉంటుందని నాకప్పుడు తెలియదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. మన లిపిలో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ దేనికదే మూడు బైట్లు కావాలి. ‘శ్రీ’ ఒక్కటే పన్నెండు బైట్లు ఆరగిస్తుంది. ‘శ్రీ లలితా’ అనేసరికి 28 ఖర్చయి, వెయ్యి నామాల తల్లికి రెండు బైట్లు మిగిలాయి. ఆ రెండింట్లో ఒకటి ఖాళీ చోటుకు పోయింది, ఇంకొకటి ముక్కైన అక్షరానికి పోయి ప్రశ్నార్థకంగా మారింది. అందువల్ల మా ఫోనులో ఆ రికార్డు పేరు ‘శ్రీ లలితా ?’. రెండో వైపు పేరూ అదే. అయినా పైనున్నది మొదటి వైపు, కిందున్నది రెండో వైపు అని గుర్తు పెట్టుకుని రోజులు నెట్టుకొచ్చాను.

మొన్నటి శ్రావణమాసం రెండో గురువారం రాత్రి ఫోను ఛార్జింగులో పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి పాటలపెట్టె యాప్ తనంతట తానే కొత్త రూపం ఎత్తి ఉంది. తెరిస్తే ‘మీ అనుభవాన్ని మరింత మెరుగుపరిచాం’ అని ఒక పలకరింపు కనిపించింది. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు బ్యాంకులో కొత్త సాఫ్ట్‌వేరు దిగిన రోజు కౌంటరు ముందు కట్టిన బారు గుర్తొస్తుంది. అప్పుడే జాగ్రత్తపడవలసింది, పడలేదు.

పాటల జాబితా పోయి దాని చోట రంగురంగుల చతురస్రాలు వచ్చాయి. బొమ్మ లేని ఫైలుకు పేరులోని మొదటి అక్షరమే బొమ్మ కాబట్టి, మా పారాయణం నారింజరంగు పలకలో ‘శ’గా మిగిలింది. దాన్ని నొక్కితే తెరంతా ఆ ‘శ’ ఒక్కటే పరుచుకుంది. పాట పెట్టే త్రికోణం లేదు, కాసేపు ఆపే రెండు నిలువు గీతలు లేవు, పూర్తిగా ఆపే చతురస్రం అసలే లేదు. ఫిలిప్స్ వారు 1963లో క్యాసెట్టు బయటపెట్టిన తరువాత, దాన్ని పాడించే టేపురికార్డర్ల మీద ఈ గుర్తులతోనే మాబోటివాళ్ళు అక్షరాభ్యాసం చేశారు. ఆ తరువాత కంప్యూటర్లలో 1997లో విన్‌యాంప్ వచ్చినప్పుడు కూడా దాని చిన్న కిటికీలో అవే గుర్తులు వరసగా ఉండేవి కనుక, మా అబ్బాయి నాకు ఏమీ నేర్పకుండానే నేను దాన్ని వాడేశాను. 2002లో దాన్ని మూడో కూర్పు పేరుతో తిరగరాస్తే అది బరువుగా, నెమ్మదిగా ఉందని జనం రెండో కూర్పునే పట్టుకుని వేలాడారట. చివరికి 2003లో ఆ రెంటినీ కలిపి, రెండూ మూడూ కలిస్తే ఐదని, ఐదో కూర్పుగా విడుదల చేశారు. నాలుగును అలా దాటేసిన ఆ లెక్క నాకు భలే నచ్చింది. జనం మాట విని వెనక్కి తగ్గినవాళ్ళు ఆ లోకంలోనూ ఉన్నారన్నమాట.

కొత్త యాప్‌లో మీటలేవీ లేవు, తెరంతా ఒకటే మీట. ఒకసారి తడితే ఆగుతుంది, రెండుసార్లు తడితే హృదయం బొమ్మ తేలి పాట మనకు నచ్చినట్టు నమోదవుతుంది, ఎడమకు తోస్తే తరువాతి పాట, కిందికి తోస్తే అసలు యాప్ ముడుచుకుని ఒక మూలకు పోతుంది. పై మూలన మూడు అడ్డగీతలు మాత్రం మిగిలాయి. 1981లో జిరాక్స్ వారి స్టార్ అనే కంప్యూటరు కోసం నార్మ్ కాక్స్ అనే ఆయన గీసిన గుర్తు అది, లోపల పట్టిక ఉందని చెప్పడం దాని పని. నాకు మాత్రం అది ఎప్పుడు చూసినా విభూతి పట్టెల్లాగే కనిపిస్తుంది. ఇక కుడివైపు మూడు నిలువు చుక్కలు, విసర్గకు పొరపాటున ఇంకో చుక్క పడ్డట్టు. ఈ రెంటిలో ఏది దేనికో తేల్చుకునే లోపలే నాలుగైంది, వాకిట్లో చెప్పులు చేరాయి.

మేష్టారు గణపతి ప్రార్థన, ధ్యానశ్లోకాలు చక్కగానే చెప్పారు, ఎందుకంటే వాటి మధ్య ఆయన పెద్దగా ఆగరు. తరువాత ‘శ్రీమాతా’ అని అందుకున్నారు. అర్ధశ్లోకం పూర్తయింది. పదిహేను మంది అలవాటుగా ఊపిరి తీసుకుని నోరు తెరిచారు. వాళ్ళ నోటి నుంచి మొదటి అక్షరం బయటపడేలోగా మేష్టారు రెండో అర్ధం మొదలుపెట్టేశారు. టేపు ఎక్కడో దూకిందనుకుని వీళ్ళు సర్దుకున్నారు. రెండో శ్లోకానికీ అదే వరస. మూడోదానికి గది మూడు పక్షాలైంది. పుస్తకం చేతిలో ఉన్నవాళ్ళు మేష్టారి గొంతుతో కలిసి పరుగెత్తారు. విని పలికేవాళ్ళు ఒక పాదం వెనకపడి, తమ గొంతు తామే వినలేక, ముందుది అందుకోలేక మధ్యలో చిక్కుకున్నారు. ఇదేదీ తేలేది కాదని గ్రహించిన మిగతావాళ్ళు ప్రతి పాదంలోనూ చివరి దీర్ఘాన్ని మాత్రం పట్టుకుని భక్తిగా సాగదీశారు. పది ప్లాట్‌ఫారాల మీద ఒకేసారి ప్రకటనలు వినిపించే మన రైల్వే స్టేషను మా ముందుగదిలోకి వచ్చి కూర్చున్నట్టుంది.

డెబ్బై ఎనిమిదేళ్ళ పిన్నిగారు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు మీదుగా నా వంక చూశారు. “ఏం నాయనా, మేష్టారికి రైలేమైనా ఉందా?”

“ఏమండీ, ఆపండి,” అంది మా ఆవిడ, రెండు నామాల మధ్య దొరికిన సందులో.

ఆపుదామనే వేలు పెట్టాను. కంగారులో రెండుసార్లు తగిలింది. ‘శ’ మీద పెద్ద ఎర్రటి హృదయం పొంగి, పగిలి, చిన్న చిన్న హృదయాలుగా ఎగిరిపోయింది. మళ్ళీ నొక్కితే నచ్చలేదని నమోదైంది. దేవీ స్తోత్రం నచ్చలేదని రాసి ఉండటం శుక్రవారం పూట శుభం కాదని, దాన్ని సరిచేయడానికి మరో రెండు తాళాలు వేశాను. ఈసారి వేలు జారి తెర కిందికి పోయింది, యాప్ ఎక్కడికో ముడుచుకుంది, మేష్టారు మాత్రం స్పీకరులోంచి ఊపిరి పీల్చకుండా సాగిపోతూనే ఉన్నారు. బతికి ఉండగా ఎప్పుడూ తొందరపడని మనిషి ఆయన.

ఇంతలో దగ్గు వచ్చింది. అదే దగ్గు, గదంతా గుర్తుపట్టింది. అప్పుడు నాకు సగం అర్థమైంది. రెండో వైపు కుక్కరు మూడుసార్లు కూసినప్పుడు మిగతా సగం అర్థమైంది. ధ్వని ఒక మోతాదుకు తగ్గి కాస్తసేపు అలాగే ఉంటే దాన్ని వ్యర్థమని తీసేసి, అటూ ఇటూ ఉన్న ముక్కలను కలిపేసే ఏర్పాటేదో ఇందులో చేరింది. మేష్టారి ఊపిరి ఆ మోతాదుకు తక్కువ, దగ్గూ కుక్కరూ ఎక్కువ. కాబట్టి ఊపిరి పోయింది, కుక్కరు నిలిచింది. పాదపూరణకు చేర్చిన మాట ఒక్కటీ లేదని పెద్దలు చెప్పుకునే స్తోత్రంలో కత్తిరించడానికి ఏమీ దొరక్క, ఆ యంత్రం చివరికి మా ఆడవాళ్ళ వంతును కత్తిరించింది.

గంట దాటవలసిన పారాయణం అరగంట మీద రెండు నిమిషాలకు ముగిసింది. అసలు నష్టం అక్కడ కాదు. కృష్ణలంక నుంచి వచ్చే మా మరదలు మొదటి వైపు అయిపోగానే నానబెట్టిన శనగలు పొయ్యి మీద పెడుతుంది, రెండో వైపు ముగిసేసరికి అవి ఉడికి, తాలింపు కూడా పడి, హారతికి సిద్ధంగా ఉంటాయి. ఏళ్ళుగా మా వంటింటి గడియారం ఆ క్యాసెట్టే. ఆ రోజు శనగలు పొయ్యి ఎక్కిన పది నిమిషాలకే అమ్మవారికి మంగళం పాడవలసి వచ్చింది. నైవేద్యం ఆలస్యం చేయకూడదని దించేశారు. పళ్ళున్నవాళ్ళు పటపటమని నమిలారు, లేనివాళ్ళు చెంగున ముడివేసుకుని వెళ్ళారు.

రాత్రి హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి ఫోను చేశాను.

“నాన్నా, అది లోపం కాదు, ఫీచరు. ప్రసంగాలూ ముచ్చట్లూ వినేవాళ్ళకు టైము కలిసొస్తుందని పెట్టారు. అయినా ఖాళీని ఎవరు వింటారు చెప్పు?”

“మీ అమ్మ,” అన్నాను.

అవతల కాసేపు నిశ్శబ్దం. దాన్ని ఏ యంత్రమూ మింగకుండా నాకు పూర్తిగా వినిపించింది. ఆ తరువాత వాడు ఒక్కొక్క అడుగూ చెబుతూ నన్ను లోపలికి తీసుకెళ్ళాడు. విభూతి పట్టెలు నొక్కితే పళ్ళచక్రం వచ్చింది, అందులో ‘ప్లేబ్యాక్’, దాని అడుగున ‘మరిన్ని’, ఆ మరిన్నిలో ‘ప్రయోగాలు’. నా ఫోను తెలుగులో ఉంటుంది కనుక అక్కడ ‘మౌనాన్ని దూకు’ అని రాసి ఉంది, పక్కన పచ్చటి మీట వెలుగుతోంది. దాని కింద చిన్న అక్షరాల్లో ‘మీరు ఇప్పటివరకు ఆదా చేసిన సమయం: 31 నిమిషాలు’ అని లెక్క. ఎవరి ఖాతాలో జమ చేశారో మాత్రం రాయలేదు. మీటను ఆర్పేశాను. ఈ ఆర్పిన సంగతి మళ్ళీ వచ్చే కూర్పుకు గుర్తుంటుందో లేదోనని, తనంతట తాను మారే ఏర్పాటునే తీసేయమని వాడినే అడిగి తీయించాను.

ఆ వారం రోజులూ మా వీధిలో ఏం జరిగిందో నాకు తెలియదు. మరుసటి శుక్రవారం రికార్డు పెట్టాక తెలిసింది. మేష్టారు మొదటి అర్ధశ్లోకం చెప్పి ఎప్పటిలా ఆగారు. పదిహేను గొంతులు ఒక్కసారిగా అందుకుని రెండున్నర సెకన్లలో ముగించి ఊరుకున్నాయి. మిగిలిన రెండున్నర సెకన్లు టేపు సుయ్‌మంటూ ఉంది, అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. క్రితం వారం జరిగిన అవమానం మళ్ళీ జరగకూడదని ఎవరింట్లో వాళ్ళు పరుగు సాధన చేశారట. పిన్నిగారైతే మనవడి చేత సెకన్లు లెక్కపెట్టించుకున్నారు. “ఇవాళ మేష్టారు మరీ నింపాదిగా ఉన్నారేమిటి?” అని ఆవిడే అన్నారు. నాలుగు శ్లోకాలు గడిచేసరికి ఆ మిగులు సమయంలో దొండకాయల ధర చర్చకు వచ్చింది, పదో శ్లోకానికి ఎవరి మనవరాలికో సంబంధం కూడా కుదిరే దశకు చేరింది.

మా మరదలు క్రితం వారపు పాఠం మరిచిపోలేదు. క్యాసెట్టును నమ్మడం మానేసి, మొదటి వైపు సగంలో ఉండగానే శనగలను కుక్కరులోకి ఎక్కించి, ఇక దిగులు లేదని వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. కాసేపటికి కూత వినిపించింది. ఎవరూ తల తిప్పలేదు. రెండో కూత వచ్చింది, మూడోది వచ్చింది, ఆరోది కూడా వచ్చింది. ఇంకా మొదటి వైపే నడుస్తోందని, రికార్డులోని కుక్కరు రెండో వైపుదని, దానివి మూడు కూతలేనని మాలో ఎవరికీ తట్టలేదు. ఫోను ముందు కాపలా కూర్చున్న నేను ఆ నారింజరంగు ‘శ’ను చూసుకుంటూ, ఈసారి యంత్రం ఒక్క చప్పుడూ పోనివ్వకుండా అన్నీ వినిపిస్తోందని తృప్తి పడుతున్నాను. మాడు వాసనకు మొదట లేచింది పిన్నిగారే.