పిల్లల మందుచీటీపై నిఘా ఏది?

డిప్రెషన్‌తో బాధపడుతున్న 275 మంది టీనేజీ పిల్లలపై 1990వ దశకంలో అమెరికా, కెనడాల్లో పారోక్సెటీన్ అనే మందును పరీక్షించారు. మందు బాగా పనిచేస్తోందని, పిల్లలు తట్టుకుంటున్నారని 2001లో ఒక వైద్య పత్రిక ప్రచురించింది. కానీ 1998 నాటికే మందు తయారీ కంపెనీ లోపలి పత్రం ఒకటి మరో మాట చెప్పింది: ప్రభావం రుజువు కాలేదని రాస్తే వ్యాపారపరంగా మింగుడుపడదట! 2012లో ఈ మందును అమ్మే గ్లాక్సోస్మిత్‌క్లైన్ కంపెనీ దాన్ని పద్దెనిమిదేళ్లలోపు వారికి అంటగట్టడం సహా పలు నేరాలను ఒప్పుకుని, మొత్తం 300 కోట్ల డాలర్లు కట్టింది. 2015లో స్వతంత్ర పరిశోధకులు అసలు లెక్కలు తిరగేస్తే, మందు పనిచేయలేదనీ సురక్షితం కాదనీ తేలింది.

అలాగని మానసిక వ్యాధుల మందులన్నీ విషమని చెప్పడం అంతకన్నా ప్రమాదం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో 24 ప్రయోగాలను కలిపి చూసింది. డిప్రెషన్ మందులు వాడిన పిల్లల్లో నూటికి నలుగురిలో, ఉత్తుత్తి మాత్రలు మింగినవారిలో ఇద్దరిలో ఆత్మహత్య ఆలోచనలో, ప్రయత్నాలో కనిపించాయి. ఆ ప్రయోగాల్లో ఎవరూ ప్రాణం తీసుకోలేదు. ఆ సంస్థ మందులను నిషేధించలేదు. మందు సమాచార పత్రంలో నల్లగీత పెట్టెలో హెచ్చరిక ముద్రించమంది, తొలి వారాల్లో పిల్లవాణ్ని కనిపెట్టుకుని ఉండమంది. ఫ్లూయాక్సెటీన్ అనే మందుకు అక్కడ ఎనిమిదేళ్లు, ఆపై వయసు పిల్లల డిప్రెషన్‌కు అనుమతి ఉంది. కౌన్సెలింగ్ తోడైతే అది ఇంకా బాగా పనిచేస్తుందని 2004లోనే వెలువడిన పెద్ద అధ్యయనం చూపింది.

కనిపెట్టుకుని ఉండటమన్న ఆ చిన్న షరతు దగ్గరే మన వ్యవస్థ తడబడుతోంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13-17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. జిల్లాల్లో పిల్లల మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కించదగినంత మంది. కిక్కిరిసిన ఓపీలో నాలుగు నిమిషాల్లో మాత్ర రాయడం తేలిక. ఇంట్లో గొడవలూ హాస్టల్లో బెదిరింపులూ అడిగి తెలుసుకోవడానికి టైమెక్కడిది? పాత చీటీ చూపి నెలల తరబడి అవే మాత్రలు కొనుక్కుపోయే తల్లిదండ్రులను తప్పుపట్టి లాభం లేదు. మళ్లీ రావాలని వాళ్లకెవరూ గట్టిగా చెప్పలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మైనర్‌ను ఆస్పత్రిలో చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలంటోంది. మైనర్‌కు కరెంటు చికిత్స (మెదడుకు స్వల్ప విద్యుత్తు ఇచ్చే ఈసీటీ) చేయాలంటే మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. ఓపీలో చీటీ రాయించుకుపోయే పిల్లలకు మాత్రం ఇలాంటి అంచెలు లేవు. నిజానికి మందులు వాడేవారిలో ఎక్కువ మంది వీళ్లే.

అందుకే మా డిమాండ్ ఇది: మైనర్‌కు తొలిసారి డిప్రెషన్ మందు రాసే ప్రతి డాక్టరూ రెండు వారాల్లోపు మళ్లీ చూసే తేదీని చీటీ మీదే రాయాలి. ప్రమాద సంకేతాలేమిటో తల్లికో తండ్రికో తెలుగులో చెప్పాలి. తేదీ దాటినా రాకపోతే ఆశా కార్యకర్త వెళ్లి అడగాలి. టీబీ రోగుల విషయంలో ఇలా ఇంటికెళ్లి అడగడం మన ఆరోగ్య శాఖలకు కొత్త కాదు.