ట్రస్టు తెరలిచ్చిందని గూడెం పేరు కొట్టేస్తారా?

మన్యంలో ఒక మండలం నుంచి ఈ వారం మా డెస్క్‌కి ఒక కాగితం ఫొటో వచ్చింది. మలేరియా రాకుండా సర్కారు దోమతెరలు ఇవ్వాల్సిన ఊళ్ల లిస్టు అది. పెన్నుతో అక్కడక్కడా గీతలు కొట్టి ఉన్నాయి, ఒక కొండమీది గూడెం పేరుకి ఎదురుగా ‘కవర్డ్’ అని రాసుంది. ఎవరు కవర్ చేశారని మా విలేకరి అడిగితే, పోయినేడు ఒక ట్రస్టు వాళ్లు వచ్చి తెరలు పంచి వెళ్లారు కదా సార్, అందుకే ఈసారి ఆ ఊరు తీసేశాం, వచ్చినవి మిగతా ఊళ్లకి సర్దుతున్నాం అని లిస్టు రాసినవాళ్లు చెప్పారు. సరే ఆ పంచిన తెరలేంటో చూద్దామని గెడ్డ దాటి పైకి నడిచి వెళ్తే అవి మందు పట్టించిన తెరలు కావు, టౌన్లో షాపుల్లో దొరికే మామూలు నైలాన్ తెరలు, అదీ ఇంటికి ఒకటి. ఒక ఇంట్లో ఆ తెరని కోడిపిల్లల గంప మీద కప్పారు. ఎందుకమ్మా అంటే, ఆరుగురం ఒక్క తెర కింద ఎలా పడుకుంటాం బాబూ, చలికి పొయ్యి పక్కనే పడుకుంటాం, రవ్వ పడి కాలిపోయింది కూడా అని చిల్లు చూపించింది ఆ ఇంటావిడ. అరచెయ్యంత చిల్లు.

ఆ ఇల్లు, ఆ ఆరుగురు, ఆ చిల్లు తెర, అన్నీ కలిపి సర్కారు లెక్కలో ‘కవర్డ్’.

ట్రస్టు వాళ్ల మంచి మనసు మీద మాకు అనుమానమేమీ లేదు, సొంత డబ్బులతో కొండెక్కి వచ్చారు, అది చిన్న విషయం కాదు. మాకు భయం వేసింది ఆ ఒక్క మాట చూసి. ఒకళ్లు దానం చేస్తే ఇంకొకళ్ల డ్యూటీ రద్దయిపోయే పద్ధతి మొదలైతే అది ఎక్కడ ఆగుతుంది? ఈ ఏడాది తెరలు, వచ్చే ఏడాది స్ప్రేయింగ్, ఆ పై ఏడాది రక్తపరీక్ష కిట్లు. ఫైల్లో ఒకసారి ఆనవాయితీ అని పడితే దాన్ని చెరిపేవాడు ఉండడు, తర్వాత వచ్చే ఆఫీసరు పాత ఫైలు చూసి అదే రాస్తాడు.

ప్రభుత్వం దగ్గర డబ్బులు అంతంతమాత్రం, దాతలు ఇచ్చిన ఊరికే మళ్లీ ఇవ్వడం కన్నా లేని ఊరికి ఇవ్వడం మంచిదే కదా అనేవాళ్లున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఏం ఇచ్చారో చూడకుండా, ఎంతమందికి సరిపోయిందో లెక్కపెట్టకుండా పేరు కొట్టేయడాన్ని సర్దుబాటు అనరు, చేతులు దులుపుకోవడం అంటారు.

మందు తెరకీ మామూలు తెరకీ తేడా ఏంటో డిపార్ట్‌మెంట్ వాళ్లకి మేం చెప్పక్కర్లేదు. మందు తెర మీద దోమ వాలితే చస్తుంది, 20 ఉతుకుల దాకా, సుమారు 3 ఏళ్ల దాకా పనిచేసేలా తయారుచేస్తారు, ఇద్దరికి ఒకటి లెక్కన ఇవ్వాలి. మామూలు తెరకి నిద్రలో మోచెయ్యి ఆనితే చాలు, దోమ బయట నుంచే కుట్టేస్తుంది. ఈ రెండిటినీ ఒకే గడిలో ఒకే టిక్కు పెట్టి లెక్కేసినవాళ్లని ఎవరు అడగాలి?

లోకల్ సంస్థలు అవసరం లేదని మేం అనడం లేదు, అవి లేకపోతే మన్యంలో మలేరియా పని సగం కూడా జరగదు. స్ప్రేయింగ్ సంగతే తీసుకోండి. పంపులు మోసుకుని వచ్చి గోడలకి మందు కొట్టి వెళ్తారు, ఆ మందు రెండున్నర మూడు నెలలు గోడ మీద ఉండాలి, అప్పుడే కుట్టి వచ్చి గోడ మీద వాలిన దోమ చస్తుంది. వాళ్లు అలా వెళ్లగానే ఇలా పండగ వస్తుంది, ఆడవాళ్లు మట్టీ పేడా కలిపి గోడలు అలికేస్తారు, మందు అలుకు కిందకి పోయింది. రిజిస్టర్లో మాత్రం ఆ ఇల్లు పిచికారీ అయిన ఇల్లే. అమ్మా పండగ ముందే అలుక్కోండి, మందు కొట్టాక మూడు నెలలు గోడ ముట్టుకోవద్దు అని కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో చెప్పగలిగిన మనిషి కావాలి, ఆ మనిషి ఆ ఊళ్లోనే ఉండాలి, జీపులో వచ్చి మైకులో తెలుగులో చెప్పి వెళ్లిపోతే కుదరదు. మందు వాసనకి, నల్లులు ఎక్కువైపోతాయనే భయానికి తలుపు తియ్యని ఇళ్లలో తలుపు తీయించగలిగేది కూడా ఆ మనిషే.

మాత్రల విషయమైతే ఇంకా కష్టం. మలేరియాలో పీవీ (వైవాక్స్) రకానికి 14 రోజులు ప్రైమాక్విన్ వాడాలి, ఎందుకంటే క్రిమి లివర్లో దాక్కుని ఉంటుంది. మూడో రోజుకి జ్వరం దిగిపోతుంది, నాలుగో రోజు మనిషి పోడుకి వెళ్లిపోతాడు, మిగిలిన మాత్రలు గూట్లో ఉంటాయి, కొన్ని వారాలకో నెలలకో మళ్లీ చలిజ్వరం. అసలు పంట కాపలాకి మంచె మీద పడుకునేవాడికి ఇంట్లో కట్టిన తెర ఏం పనికొస్తుంది, అక్కడికి వెళ్లి చూసి చెప్పేవాళ్లెవరు? రోజూ సాయంత్రం వెళ్లి ఈరోజు మాత్ర వేసుకున్నావా అని అడిగి కళ్లముందు మింగించేవాళ్లు కావాలి. ఆశా వర్కర్ ఒక్కతే నాలుగైదు కొండలు తిరగాలంటే ఎక్కడ కుదురుతుంది, ఇక్కడే లోకల్ సంస్థ మనుషుల విలువ తెలిసేది. పీఎఫ్ (ఫాల్సిపారం) అనే ప్రమాదకరమైన రకం అయితే ఇంత టైమ్ కూడా ఉండదు, మెదడుకి ఎక్కిందంటే గంటల లెక్క, డోలీ కట్టి రోడ్డు దాకా మొయ్యాల్సిన చోట ఆ గంటలు ఎలా పోతాయో వేరే చెప్పాలా?

బాగా చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ అని డాక్టర్లు పెట్టుకున్న సంస్థ ఉంది. అడవి ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు రక్తపూత తీసి బస్సు డ్రైవర్ చేతికిస్తే అది ల్యాబ్‌కి చేరేది, రిపోర్టు తిరుగు బస్సులో ఊరికి వచ్చేది. చూడ్డానికి ఎంత చిన్న ఏర్పాటు, కానీ జ్వరం వచ్చినవాడికి అదేంటో తేల్చి చెప్పే దారి దొరికింది. మన తెలంగాణ బోర్డర్ అవతల గడ్చిరోలిలో సెర్చ్ సంస్థ ఏళ్ల తరబడి ఆదివాసీ ఊళ్లలోనే ఉండి పనిచేస్తోంది. ఇలాంటివాళ్లు ఒకరోజు ఫ్లెక్సీ కట్టి వెళ్లిపోయే రకం కాదు, అక్కడే ఉంటారు, ఉంటారు కాబట్టే వాళ్ల మాట నడుస్తుంది.

ఇంకా దగ్గరగా చూడాలంటే ఒడిశా చూడండి. మన ముంచింగిపుట్టు నుంచి మాచ్‌ఖండ్ దాటితే వాళ్ల కొండలే. 2016లో ఆ రాష్ట్రంలో 4 లక్షల 44 వేలకి పైగా మలేరియా కేసులు, 2018కి అవి 66 వేల దగ్గరికి దిగాయి. దమన్ అని పథకం పెట్టి, దారిలేని ఊళ్లకే క్యాంపులు తీసుకెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా ఊళ్లో అందరికీ టెస్టు చేసి, పాజిటివ్ వచ్చినవాళ్లకి అక్కడే మందు మొదలుపెట్టారు, లక్షల్లో మందు తెరలు పంచారు. దాన్ని నడిపింది ప్రభుత్వం, డ్యూటీ మాది అని ఒప్పుకుని నడిపింది. మన దగ్గరేమో పెన్నుతో ‘కవర్డ్’ అని రాసి కూర్చున్నారు.

కేసులు తగ్గాయి కదా ఇంకా ఇంత గొడవెందుకు అనే మాట కూడా వినిపిస్తోంది, ఇదే మాకు అన్నిటికన్నా ఎక్కువ భయం. ఈ దేశం ఈ తప్పు ఇంతకుముందు ఒకసారి చేసింది. 1953లో కంట్రోల్ ప్రోగ్రాం, 1958లో నిర్మూలన ప్రోగ్రాం పెట్టి 1965కి కేసుల్ని లక్షకి దించారు, ఇంక అయిపోయిందనుకుని పట్టు వదిలేశారు, 1976కి 64 లక్షలు అయ్యాయి. కేసులు తగ్గిన చోట పని ఆపేయడం అప్పటి ఆనవాయితీ, దాతలు వచ్చిన చోట పని ఆపేయడం ఇప్పటి ఆనవాయితీ, ఊరికి జరిగేది రెండిట్లోనూ ఒకటే. 2027కి స్థానిక కేసులు సున్నా చేస్తాం, 2030కి దేశంలో మలేరియా లేకుండా చేస్తాం అని కేంద్రం మాటిచ్చి ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే అని మనం గొప్పగా చెప్పుకుంటాం, ఆ గొప్పకి తగ్గ పని మన కొండల్లో కనపడొద్దా?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చిన్న సంస్థల మీద ఇంత భారం వేస్తున్న సర్కార్లే వాటి కాళ్లు కట్టేశాయి. 2020లో విదేశీ విరాళాల మీద ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం మార్చి, విదేశీ విరాళం తీసుకున్న సంస్థ అందులో ఒక్క రూపాయి కూడా ఇంకో సంస్థకి ఇవ్వకూడదన్నారు, ఆఫీసు ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. సిటీలో ఉన్న పెద్ద సంస్థ ద్వారా డబ్బు తెచ్చుకుని నలుగురు కార్యకర్తలకి జీతాలిచ్చుకునే ఏజెన్సీ సంస్థకి ఆ దారి మూసుకుపోయింది. దుర్వినియోగం జరిగితే లెక్కలు అడగండి, పట్టుకోండి, కానీ ఒక చేత్తో డబ్బు ఆపి ఇంకో చేత్తో లిస్టులో ‘కవర్డ్’ అని రాయడం ఏం పద్ధతి? ఇక మిగిలింది కంపెనీలు సమాజసేవకి పెట్టే సీఎస్‌ఆర్ సొమ్ము. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి కాబట్టి ముందుకొస్తాయి, చాలాసార్లు ఏడాది ప్రాజెక్టుగానే వస్తాయి, ఏడాది అయ్యాక కార్యకర్తకి గౌరవవేతనం ఆగిపోతుంది. తెర మూడేళ్లు ఉండాలి, దాన్ని సరిగ్గా వాడుతున్నారో లేదో చూసే మనిషి ఏడాదికే ఇంటికెళ్లిపోతే ఆ తెర కోళ్లగంప మీదకే పోతుంది.

దాతలకి కూడా ఒక మాట. కొనేముందు పీహెచ్‌సీ డాక్టర్ని అడగండి, మందు తెరలే కొనండి, ఫ్లెక్సీ మీద పెట్టే ఖర్చు ఇంకో రెండు తెరల మీద పెట్టండి. పంచిన మూడు నెలలకి మళ్లీ ఆ గూడానికి వెళ్లి ఎన్ని కట్టి ఉన్నాయో, ఎన్ని చిరిగాయో చూసిన ట్రస్టులు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. ఏ ఊళ్లో ఏ రకం తెర ఎన్ని ఇచ్చారో డిపార్ట్‌మెంట్‌కి రాసివ్వండి, ఇది సర్కారు ఇవ్వాల్సినదాంట్లోంచి తగ్గించుకోవడానికి కాదు అని అదే కాగితంలో కింద రాయండి.

ఇక అధికారులకి. వానలు పడ్డాయి, గెడ్డలు పొంగడానికి ఎంతో టైమ్ లేదు, పొంగాక ఆ గూడానికి పంపూ వెళ్లదు మాత్రా వెళ్లదు. ఆ లిస్టు ఈ వారంలోనే మార్చండి, ‘కవర్డ్’ కొట్టేసి గూడెం పేరు మళ్లీ రాయండి, ఇద్దరికి ఒక మందు తెర లెక్కన మోసుకెళ్లి ఇచ్చి కట్టి చూపించి రండి. మిగతా మండలాల లిస్టుల్లో ఇంకెన్ని ఊళ్లు ఇలా ఎగిరిపోయాయో బయటపెట్టండి, కలెక్టర్ గారు, ఐటీడీఏ పీవో గారు స్వయంగా చూడాల్సిన సంగతి ఇది, కింది వాళ్ల మీద నెట్టొద్దు. కాలిపోయిన తెర ఫొటో మా దగ్గర ఉంది, అడిగిన ఆఫీసుకి పంపిస్తాం. ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.