తిన్నది ఒకటి, గీసింది ఇంకొకటి

ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో తవ్వితే దొరికిన జంతువుల ఎముకల్లో పదింట తొమ్మిది వంతుల దాకా రెయిన్‌డీర్లవే. అంటే అక్కడ బొమ్మలు వేసినవాళ్లు రోజూ తిన్నది ఆ మాంసమే. మరి గోడల మీద వందల కొద్దీ ఉన్న జంతువుల్లో రెయిన్‌డీర్లు ఎన్ని? వెతగ్గా వెతగ్గా ఒక్కటి. మిగతావాటిలో ఎక్కువ గుర్రాలు, అడవి ఎద్దులు, కొమ్ముల దుప్పులు. తిన్నది ఒకటి, గీసింది ఇంకొకటి.

మన ఇళ్లలో పాతుకుపోయిన ఒక నమ్మకాన్ని కదిలించడానికి ఈ లెక్క ఒక్కటి చాలు. కడుపు నిండాకే కళలు అన్నది ఆ నమ్మకం. కూటి కోసం కోటి విద్యలు అని సామెత చెబుతాం. పుస్తకం వెనక అట్ట మీద బొమ్మ గీస్తున్న పిల్లాణ్ణి చూసి "ఇది కూడు పెడుతుందా?" అని అడుగుతాం. అడిగేవాళ్లకు పిల్లల మీద ప్రేమ లేక కాదు, భయం కొద్దీ అడుగుతారు. కానీ మనిషి నడిచొచ్చిన దారి చూస్తే ఆ ప్రశ్నే తప్పు. బొమ్మ, కూడు సంపాదించుకున్నాక తీరిగ్గా వచ్చిన సరదా కాదు. కూటికి గ్యారంటీ లేని రోజుల నుంచీ మనిషితో ఉన్నదే.

2024 జూలైలో ఇండోనేషియాలోని సులవేసి దీవి నుంచి వచ్చిన వార్త చాలామంది చదివే ఉంటారు. లియాంగ్ కరంపువాంగ్ అనే గుహ కప్పు మీద ఒక అడవి పంది, దాని చుట్టూ మనుషుల్లాంటి మూడు ఆకారాలు. వాటి వయసు కనీసం 51,200 ఏళ్లని తేల్చారు. ఆ 'కనీసం' అన్న మాటను వదిలేయొద్దు. సున్నపురాయి గుహలో ఊరే నీరు బొమ్మ మీద కొద్దికొద్దిగా పొర కడుతుంది. ఆ నీటిలో యురేనియం కరిగి వస్తుంది, థోరియం రాదు. పొర గట్టిపడ్డాక లోపలి యురేనియం ఏళ్ల తరబడి థోరియంగా మారుతూ ఉంటుంది. రెండూ ఎంతెంత ఉన్నాయో కొలిస్తే పొర వయసు తెలుస్తుంది. దాని కింద ఉన్న బొమ్మ అంతకంటే పాతదే అయి ఉండాలి.

ఇప్పుడు వ్యవసాయం వయసు చూడండి. అటూ ఇటూగా పన్నెండు వేల ఏళ్లు. రాత వయసు అయిదు వేల పైచిలుకు. నాగలి లేదు, గాదె లేదు, గాదెలో గింజ లేదు. రేపటి తిండి రేపు దొరికితేనే. ఆ మనిషి గుహలోకి వెళ్లి పందిని గీశాడు. కళ యూరప్‌లో పుట్టిందన్న పాత కథను ఇక పక్కన పెట్టేయొచ్చు, సులవేసి దాన్ని ముగించేసింది. ఆ మాటకొస్తే మన మీర్జాపూర్ కొండల్లో పురావస్తు పరిశోధకుడు ఆర్చిబాల్డ్ కార్లైల్ 1867-68లోనే రాతి చిత్రాలు చూశాడు. స్పెయిన్‌లో అల్తమీరా గుహ బొమ్మలు లోకానికి తెలియడానికి పదేళ్లకు పైగా ముందన్నమాట. చూసినదాన్ని సరిగ్గా ప్రచురించుకోలేదు, అందుకే ఆ పేరు మన పాఠాల్లో కూడా వినిపించదు.

ఇంకా వెనక్కి వెళ్దాం. దక్షిణాఫ్రికా తీరంలోని బ్లాంబోస్ గుహలో లక్ష ఏళ్ల కిందటి రంగుల సామాను దొరికింది. రెండు పెద్ద సముద్రపు చిప్పలు. వాటిలో ఎర్రమట్టి, బొగ్గు, నలగ్గొట్టిన ఎముక కలిపి నూరిన ముద్ద. పక్కన నూరిన రాళ్లు. ఆ ఎర్రమట్టి మనకు కొత్తదేమీ కాదు, మన జాజే. మా అమ్మమ్మ సంక్రాంతికి రెండు రోజుల ముందు పగిలిన కుండ అడుగులో జాజు నానబెట్టేది. పాత చీర పీలిక అందులో ముంచి అరుగంతా అలికేది. అది ఆరాక అంచు వెంబడి సున్నంతో చారలు, చారల మధ్య చుక్కలు. ఆమె వేళ్ల సందుల్లో ఎరుపు వారం దాకా వదిలేది కాదు. వానలు లేక పంట పోయి, బియ్యం అప్పు తెచ్చుకున్న పండగ ఒకటి నాకు గుర్తుంది. ఆ ఏడు కొత్త బట్టలు లేవు, అరిసెలు లేవు. జాజు మాత్రం పడింది. కడుపు నిండాకే కళలన్న మాట నిజమైతే ఆ అరుగు ఆ ఏడు వెలవెలబోవాలి కదా.

లాస్కో గుహలో దీపం సంగతి కూడా ఇలాంటిదే. లోపల చిమ్మచీకటి. రాతిని గరిటెలా చెక్కి, గుంతలో జంతువు కొవ్వు వేసి, వత్తి పెట్టి వెలిగించారు. మంచు యుగపు చలిలో కొవ్వంటే తిండి, ప్రాణం నిలబెట్టే తిండి. దాన్ని తినకుండా బొమ్మ కోసం కాల్చారు. చేతికి అందని ఎత్తున గీయడానికి గోడల్లోని గుంతల్లో కర్రలు దూర్చి మంచె కట్టుకున్నారు. ఫ్రాన్స్‌లోనే ఉన్న షోవే గుహలో అయితే ముందు గోడను గీకి తెల్లటి తలం తేల్చి, దాని మీద బొగ్గుతో గుర్రాల తలలు వేశారు. ఒకదాని వెనక ఒకటి, నాలుగు తలలు. అది ముప్పై అయిదు వేల ఏళ్ల కిందటి పని. పొద్దుపోక చేసే పనికి ఎవరైనా అంత శ్రమ పడతారా?

దీన్ని ఒప్పుకోనివాళ్లు రెండు మాటలంటారు. ఇవన్నీ వేట బాగా సాగాలని చేసిన మంత్రతంత్రాలు, అంటే చివరికి కడుపు కోసమేనన్నది మొదటిది. ఫ్రెంచ్ పండితుడు ఆబే బ్రూయి చాలాకాలం ఆ మాటే బలంగా చెప్పాడు. కానీ వేట కోసమే అయితే రోజూ వేటాడిన జంతువే గోడ నిండా ఉండాలి. లాస్కోలో అది లేదని చూశాం. వేటాడి బతికేవాళ్లకు మనకంటే తీరిక ఎక్కువ, ఆ తీరికలో గీశారన్నది రెండో మాట. ఆఫ్రికాలోని కలహారీ ఎడారిలో వేటాడి బతికే ప్రజల మీద జరిగిన పరిశోధనలు ఆ తీరిక నిజమేనని చెప్పాయి, ఒప్పుకుంటాను. అయితే తీరిక సింహానికీ ఉంది, రోజులో ఎక్కువ సేపు అది పడుకునే ఉంటుంది. తీరిక ఉంటే బొమ్మ దానంతటదే పుట్టదు.

మరి ఎందుకు గీశారు? నా దృష్టిలో జవాబు గీసినవాళ్ల చూపులోనే ఉంది. ఫ్రాన్స్‌లోనే పెష్ మెర్ల్ గుహలో ఒళ్లంతా నల్ల మచ్చలున్న రెండు గుర్రాలున్నాయి. పాతిక వేల ఏళ్లు దాటిన బొమ్మలు. అలాంటి మచ్చల గుర్రాలు ఆ కాలంలో ఉండవు, అది ఊహో పూనకమో అని చాలామంది అనుకున్నారు. 2011లో పాత గుర్రాల ఎముకల నుంచి డీఎన్ఏ తీసి చూస్తే మచ్చల గుర్రాలు అప్పట్లో నిజంగానే ఉన్నాయని తేలింది. గీసినవాడు చూసిందే గీశాడు. పొడవాటి గడ్డిలో దూరంగా నిలబడ్డ గుర్రం ఒంటి మీద మచ్చలు ఎక్కడ చిక్కగా ఉన్నాయో, ఎక్కడ పల్చబడ్డాయో మనసులో పెట్టుకుని, చీకట్లోకి మోసుకెళ్లి రాతి మీద దించాడు. జీవశాస్త్రం మొదటి పాఠం ఇదే కదా! చూడు, గుర్తుపెట్టుకో, ఇంకొకరికి చూపించు. సైన్స్‌కీ బొమ్మకీ అప్పట్లో రెండు పీరియడ్లు లేవు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టేసిన గుహ మాత్రం ఫ్రాన్స్‌లోదే, రూఫిన్యాక్. అక్కడ మెత్తటి గోడల మీద వేళ్లతో లాగిన గీతలు మీటర్ల కొద్దీ ఉన్నాయి. గీతల వెడల్పు కొలిచి ఏ వయసువాళ్ల వేళ్లో పరిశోధకులు అంచనా వేశారు. చాలా గీతలు పిల్లలవి. అందులో ఒక చెయ్యి సుమారు అయిదేళ్ల పిల్లది. ఆ గీతల్లో కొన్ని పిల్లలకు ఏ మాత్రం అందని ఎత్తులో ఉన్నాయి. అంటే ఎవరో పెద్దవాళ్లు ఎత్తుకున్నారు, లేదా భుజాల మీద కూర్చోబెట్టుకున్నారు. ఒక చేత్తో దీపం, భుజం మీద పిల్ల. "అక్కడ గీయి, ఇంకొంచెం పైకి" అని ఏదో ఒక భాషలో అని ఉంటారు. పదమూడు వేల ఏళ్ల కిందట.

అల్తమీరాలోనూ పిల్లదే కథ. 1879లో మార్సెలినో సాంజ్ దె సౌతువోలా రాతి పనిముట్ల కోసం నేల తవ్వుతూ తల వంచుకుని ఉన్నాడు. ఎనిమిదేళ్ల కూతురు మరియా తల ఎత్తి కప్పు చూసింది, అడవి దున్నలు కనిపించాయి. పండితులు నమ్మలేదు. ఆటవికులు ఇంత బాగా గీయడమేమిటి అన్నారు. నమ్మనివాళ్లలో ముఖ్యుడైన కార్తైయాక్ తప్పు ఒప్పుకునేసరికి 1902 వచ్చింది. అప్పటికి సౌతువోలా పోయి పద్నాలుగేళ్లు.

ఇక మన సంగతికి వస్తాను, ఇదంతా రాయడానికి అసలు కారణం అదే. మా అబ్బాయి ఏడో తరగతి. టైంటేబుల్‌లో వారానికి రెండు డ్రాయింగ్ పీరియడ్లు అచ్చేసి ఉన్నాయి. జూలై వచ్చేసరికి ఒకటి ఐఐటీ ఫౌండేషన్ మ్యాథ్స్‌కి పోయింది, రెండోది స్లిప్ టెస్టులకు పోయింది. పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే "టెన్త్ అయిపోనివ్వండి సార్, తర్వాత ఎంతైనా గీసుకోవచ్చు" అన్నారు. టెన్త్ తర్వాత ఇంటర్, ఇంటర్‌లో ఈఏపీసెట్ టెన్షన్. ఆ 'తర్వాత' ఎప్పుడొస్తుందో అక్కడున్న తల్లిదండ్రుల్లో ఎవరూ అడగలేదు. మొదట్లో నేనూ అడగలేదు.

2020 జాతీయ విద్యావిధానం మాత్రం కళలకూ సైన్సుకూ మధ్య గట్టి గోడలు ఉండకూడదని స్పష్టంగా రాసింది. రెండు రాష్ట్రాల్లోనూ ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ పేరుతో ఆ గోడ ఇంకా ఎత్తు కడుతున్నాం. ర్యాంకు కావాలి, కాదనను. కానీ వానపాము బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే గైడ్‌లో బొమ్మను బట్టీపట్టి దించుతున్నారు పిల్లలు. బడి వెనక తడిమట్టిలో ఉన్న వానపామును ఎప్పుడూ చూడలేదు. గీయడం తీసేస్తే చూడడం పోతుంది. చూడడం పోయాక మనం తయారు చేసే ఇంజనీరుకు మిగిలేది ఫార్ములాలే.

పోనీ చూపించడానికి మనకేమైనా లేకా? భూపాలపల్లి జిల్లాలో పాండవుల గుట్ట ఉంది. ఇసుకరాతి గుహల్లో ఎర్రటి జంతువులు, మనుషుల బొమ్మలు. కడప జిల్లాలో చింతకుంట ఉంది, కర్నూలు జిల్లాలో కేతవరం ఉంది. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా దాకా వెళ్లనక్కర్లేదు. వరంగల్ బడి నుంచి పాండవుల గుట్టకు బస్సు వేసుకుంటే ఒక పూట పని. కానీ ఎక్స్‌కర్షన్ అంటే వాటర్ పార్కులే. తీసుకెళ్లేటప్పుడు పిల్లలకు ఒకటి గట్టిగా చెప్పాలి, రాతిని ముట్టుకోవద్దని. జనం ఊపిరికే లాస్కో గోడలు పాడవుతుంటే 1963లో ఆ గుహను సందర్శకులకు మూసేశారు. మన దగ్గర మూయడం మాట అటుంచి, చాలాచోట్ల ఆయిల్ పెయింట్‌తో పేర్లు రాసిపోతున్నారు. తాను గీసినవాడికే గీసినదాని విలువ తెలుస్తుంది కాబట్టి ఆ పెయింట్ డబ్బాకీ, పోయిన డ్రాయింగ్ పీరియడ్‌కీ సంబంధం ఉందనే నేను నమ్ముతాను.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీటు మీద సంతకం పెట్టే ముందు డ్రాయింగ్ పుస్తకం కూడా చూపించమని అడగండి. నేను ఈసారి అడిగాను. మొదటి పేజీలో జెండా, రెండో పేజీలో వినాయకుడు, మూడో పేజీలో సగం గీసిన మా వీధి కుక్క. దానికి మూడు కాళ్లే ఉన్నాయి. అక్కడి నుంచి చివరి దాకా అన్నీ తెల్ల కాగితాలే.