పరీక్ష పేపర్లో సమాన వాటా, ఇంట్లో మాత్రం పసుపు కుంకుమ

పోయిన వారం మా డెస్క్‌కి ఒక ఉత్తరం వచ్చింది, రాసినావిడ పేరు, ఊరు వేయొద్దంది, వేయం. వాళ్ళన్న మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ చదువుతున్నాడు. నాన్న మాసికానికి పుట్టింటికొచ్చిన ఈ అమ్మాయి, ఫ్యామిలీ లా పరీక్ష ముందు రోజు రాత్రి రెండింటి దాకా మేలుకుని ఆయనకి టీ పెట్టిచ్చింది, హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 6 పైకి చదువుతుంటే "కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు" అన్న మాట ఎన్నిసార్లు చెవిన పడిందో లెక్కలేదట. పన్నెండు రోజులు తిరక్కుండానే అదే అన్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు డాక్యుమెంట్ రైటర్ బల్ల దగ్గర కూర్చోబెట్టి "చిన్న సంతకమే చెల్లీ, బ్యాంకు లోన్ కోసం" అని చెప్పి హక్కు విడుదల దస్తావేజు, అంటే తన వాటా వదులుకున్నట్టు కాగితం, రాయించేసుకున్నాడు. ఎకరంన్నర మాగాణి, తాతల నాటిది. అమ్మకీ అందులో వాటా ఉంది, ఆవిడ వేలిముద్రా అదే రోజు పడింది. కారణం దగ్గర "వివాహ సమయంలో పసుపు కుంకుమల కింద ముట్టినందున" అని టైపు కొట్టి ఉంది. ఆ పిల్లకి ముట్టిందేం లేదు, మగపెళ్ళివాళ్ళ చేతిలో పెట్టిన కట్నాన్నే అలా రాశారు.

ఇలాంటి మోసాలు ఊరూరా ఉన్నవే. తెలియక చేసేవాళ్ళు కొందరుంటారు, వీడు మాత్రం చదివి చేశాడు. పరీక్షలో ఆ ప్రశ్నే వస్తే నిండుగా నాలుగు పేజీలు రాసే ఉంటాడు, మార్కులు పడే ఉంటాయి. కాగితం మీద ఒక న్యాయం, సొంత చెల్లెలికి ఇంకో న్యాయం.

కూతురికి సమాన వాటా ఇచ్చే ఈ సవరణ మనకేం కొత్త కాదు. దేశమంతటికీ 2005 సెప్టెంబర్ 9న వచ్చింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చేసి 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తింపజేసింది (అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లల్ని వదిలేశారు, ఆ బాధ వేరే). 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు కూతురి హక్కు మీద మిగిలిన అనుమానాలు కూడా తీర్చేసింది, పెద్దమనుషుల ముందు నోటిమాటగా ఎప్పుడో పంచేసుకున్నాం అంటే సరిపోదని చెప్పింది. ఇవన్నీ లా స్టూడెంట్లకి కంఠతా వచ్చు. ఇంటి గుమ్మం దాటి లోపలికి వస్తే ఒక్కటీ గుర్తుండదు.

కాలేజీల సంగతి ఇంకా అన్యాయం. దస్తావేజులు రాయడం నేర్పే డ్రాఫ్టింగ్, కన్వేయన్సింగ్ ప్రాక్టికల్లో వీలునామా రాయడానికి మూడు మార్కులు, దాన్ని సీనియర్ రికార్డు చూసి దించేస్తారు. స్వార్జితం ఎవరికైనా రాయొచ్చు, పిత్రార్జితంలో తన వాటా వరకే రాయొచ్చు, కూతురి వాటా రాసే హక్కు తండ్రికి లేదు, ఈ ఒక్క ముక్క నిజం వీలునామా చేతిలో పెట్టి చెప్పేవాళ్ళు ఎంతమంది? ఇద్దరు సాక్షులు ఎందుకు, రిజిస్టర్ అయిన వీలునామా కూడా కోర్టులో ఎందుకు ఓడిపోతుంది, ఇవి క్లాసులో తేలకపోతే రేపు ఆ బల్ల దగ్గర తేలవు. రేపు ఇలాంటి దస్తావేజులు రాసేది, ఈ కేసులు వాదించేది, తీర్పు చెప్పే కుర్చీలో కూర్చునేది వీళ్ళే కదా.

ఇది ఇంటి వ్యవహారం, ఆడపిల్లలే ఇష్టంగా వదులుకుంటారు అనేవాళ్ళున్నారు, నిజంగా వదులుకునేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ ఇష్టం వాళ్ళది. కానీ లోన్ కాగితం అని చెప్పి పెట్టించిన సంతకం ఇష్టం ఎలా అవుతుంది? 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే, ఎవరు తీసుకున్నా అది ఆ పెళ్ళికూతురికే అప్పగించాలని అదే చట్టం చెప్తోంది. ఆ నేరాన్నే కారణంగా చూపించి ఆమె భూమి లాక్కున్నాడు, అదీ లా చదువుతూ. సెక్షన్లు నేర్చుకున్నది చెల్లెల్ని దోచుకోవడానికా?

ఆ అమ్మాయికి మేం జవాబు రాశాం. మోసం చేసి రాయించుకున్న దస్తావేజు రద్దు చేయమని, మోసం తెలిసిన రోజు నుంచి మూడేళ్ళలోపు సివిల్ కోర్టుకి వెళ్ళొచ్చు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్ళందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక్క దరఖాస్తు పెడితే చాలు. నాయనా, నీకు కూడా ఇవన్నీ తెలిసే ఉంటాయి, నీ సిలబస్‌లోవే. నల్లకోటు వేసుకునేలోపే ప్రతివాదిగా కోర్టు మెట్లెక్కాల్సి వస్తే ఆ సిగ్గు నీది, నీకు టీ పెట్టిచ్చిన ఆ పిల్లది కాదు.