ఐదు కార్పొరేషన్లు, సున్నా కార్పొరేటర్లు

2025 సెప్టెంబరు 10తో ఐదేళ్ళు నిండాయి. 2020 సెప్టెంబరు 10న బెంగళూరు మహానగర పాలికె, అంటే నగరపాలక సంస్థ, పాలకమండలి గడువు తీరింది. మేయరు గౌతమ్ కుమార్ కుర్చీ దిగారు. ఆ కుర్చీలో మళ్ళీ ఎవరూ కూర్చోలేదు. రాజ్యాంగం ఒక పాలకమండలికి ఇచ్చిన ఆయుష్షు ఐదేళ్ళు. ఆ లెక్కన, పుట్టని పాలకమండలి ఒకటి తన కాలాన్ని పూర్తిగా ముగించుకుని వెళ్ళిపోయింది. ఆ ఐదేళ్ళు నిండడానికి ఎనిమిది రోజుల ముందు, 2025 సెప్టెంబరు 2న, కర్ణాటక ప్రభుత్వం పాత పాలికె స్థానంలో సెంట్రల్, ఈస్ట్, వెస్ట్, నార్త్, సౌత్ అంటూ ఐదు కార్పొరేషన్లను మొదలుపెట్టింది. కమిషనర్లు వచ్చారు, బోర్డులు మారాయి, అప్పటికి కార్పొరేటరు మాత్రం ఒక్కరూ లేరు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇంత అతికినట్టు సరిపోయిన సందర్భం ఈమధ్య మరొకటి కనిపించలేదు.

కోటి దాటిన జనాన్ని ఒకే కార్యాలయం మోయలేదన్న వాదనలో కొంత నిజం ఉంది. నగరాన్ని ఎన్ని ముక్కలు చేయాలన్నది అక్కడి శాసనసభ తేల్చుకోవలసిన విషయం. మా అభ్యంతరం వేరు. ముక్కలు చేసేదాకా ఓటు ఆగాలని ఎవరన్నారు?

సాకుల వరుస ఒక్కసారి చూడండి. 198 వార్డులు చాలవు, 243 కావాలని 2020లో బీజేపీ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. ఆరు వారాల్లో ఎన్నికల ప్రకటన ఇమ్మని అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు చెబితే, సుప్రీంకోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకుంది. ఆ తర్వాత బీసీ రిజర్వేషన్ల చిక్కు వచ్చింది. 2023లో గద్దె ఎక్కిన కాంగ్రెస్ 243ను కొట్టేసి 225 అంది. అదీ అమలు కాకముందే, నగరాన్ని ముక్కలు చేసే గ్రేటర్ బెంగళూరు చట్టం తెచ్చింది. దాంతో వార్డుల హద్దులు మళ్ళీ మొదటినుంచి గీయవలసి వచ్చింది. హద్దులు తేలలేదన్న కారణంతో ఎన్నికలు ఆపడానికి వీల్లేదని, ఉన్న వార్డులతోనే జరపాలని 2022 మేలో సురేశ్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టు కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. విన్నవారెవరు?

ఇదే నగరంలో, ఇవే వీధుల్లో, ఇదే ఓటర్లు 2023 మేలో శాసనసభకు ఓటు వేశారు. 2024 ఏప్రిల్‌లో లోక్‌సభకు వేశారు. అప్పుడు జాబితాలు దొరికాయి, బూత్‌లు దొరికాయి, వేలికి పూయడానికి సిరా కూడా దొరికింది. తమ పదవుల దగ్గరికి వచ్చేసరికి ఒక్క రోజు ఆలస్యం కాదు. వీధి దీపం గురించి అడిగే మనిషిని ఎన్నుకునే దగ్గరికి వచ్చేసరికి ఐదేళ్ళయినా తొందర లేదు.

ఈ ఐదేళ్ళూ నగరం ఊరికే కూర్చోలేదు. దాదాపు 20 వేల కోట్ల రూపాయల 2025-26 బడ్జెట్‌ను అధికారులే రాసుకున్నారు, అధికారులే ఆమోదించుకున్నారు. ఇంటి వైశాల్యాన్ని బట్టి నెలకు 10 నుంచి 400 రూపాయల దాకా చెత్త రుసుము 2025 ఏప్రిల్ నుంచి వడ్డించారు. దాని మీద చేయి ఎత్తి కాదనడానికి సభలో ఎవరూ లేరు, అసలు సభే లేదు. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా 16 కిలోమీటర్లకు పైగా సొరంగ మార్గం తవ్వుతామని, 17 వేల కోట్లకు పైగా ఖర్చవుతుందని టెండర్లు పిలిచారు. ఆ సొరంగం ఏ వార్డుల కింద నుంచి పోతుందో ఆ వార్డుల తరఫున అడిగే హక్కున్న మనిషి ఒక్కరు లేరు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగు రోడ్డు చెరువైపోయి, కంప్యూటర్ కంపెనీల ఉద్యోగులు ట్రాక్టర్లలో నిలబడి ఆఫీసులకు వెళ్ళిన దృశ్యం దేశమంతా చూసింది. ఆ రోజూ నగరానికి మేయరు లేడు.

బెంగళూరు నోరు లేని ఊరు కాదు. 2016 అక్టోబరు 16న వేలమంది చేయీ చేయీ పట్టుకుని ఉక్కు వంతెన వద్దన్నారు. కూలిపోవలసిన 812 చెట్ల తరఫున నిలబడ్డారు. అయిదు నెలలు తిరగకముందే ప్రభుత్వం ఆ పథకాన్ని వదులుకుంది. పాలకమండలి ఉండబట్టే అది ఆగిందని మేము అనం, దాన్ని ఆపింది వీధి. కానీ వీధిలో గెలిచినవారు తర్వాత వేయవలసిన అడుగు సభలోకి. వార్డు కమిటీలు బతకాలని, ప్రతి నెలా మొదటి శనివారం కూర్చోవాలని పట్టుబట్టినది ఆ మనుషులే. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని, మురుగు కాలువ గురించి, తెగిపోయిన కరెంటు తీగ గురించి పుస్తకంలో రాయించిన చిన్న సమావేశాలు అవి. కేవలం నగర ఎన్నికల కోసమే 2019లో బెంగళూరు నవనిర్మాణ పార్టీ అని ఒకటి పుట్టింది. 2025 నాటికి ఆరేళ్ళయింది, ఆ పార్టీ తాను ఏ ఎన్నిక కోసం పుట్టిందో ఆ ఎన్నికను అప్పటికీ చూడలేదు. దాని విధానాలతో మాకు ఏకీభావం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పరీక్ష రాస్తామని వచ్చిన విద్యార్థికి ఆరేళ్ళుగా హాలు తలుపు తీయకుండా, నీకు చదువు రాదు అనడం ఏ న్యాయం?

తలుపు మూసుకుపోయింది వారికొక్కరికే కాదు. బెంగళూరు వీధులను తెల్లవారకముందే ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. రాయలసీమ వైపు నుంచి ఏనాడో వలస వెళ్ళిన దళిత కుటుంబాలవి, ఎక్కువమంది ఆడవాళ్ళు. 2022 జూలైలో చీపుర్లు కింద పెట్టి సమ్మె చేశారు. 2025 మే నెలలో 12 వేల మందికి పైగా పర్మినెంటు ఉత్తర్వులు అందుకున్నారు. అది వారి చెమట ఫలితం, ఎవరి దయా కాదు. ఉత్తర్వు చేతికొచ్చినంత మాత్రాన చీర మార్చుకునే గది రాదు, పని మధ్యలో వెళ్ళడానికి మరుగుదొడ్డి రాదు. ఆ మాట ఇంతకుముందు కార్పొరేటరు గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా అడగగలిగేవారు, వచ్చే ఎన్నికల్లో చూస్తాం అని కూడా అనగలిగేవారు. బదిలీ మీద వచ్చి బదిలీ మీద పోయే అధికారితో ఆ మాట అనలేరు. సగం సీట్లు మహిళలకు కేటాయించిన సభ అది. ఆ సభే లేకపోతే చీపురు పట్టిన చేయి మైకు పట్టే రోజు ఎప్పుడు వస్తుంది?

పొరుగు రాష్ట్రం గొడవ మనకెందుకు అనేవారు విశాఖపట్నం వైపు చూడాలి. 2012 ఫిబ్రవరిలో అక్కడి పాలకమండలి గడువు తీరింది. తర్వాతి ఓటు పడింది 2021 మార్చి 10న. తొమ్మిదేళ్ళు! 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఊరిని ఊడ్చి పారేసిన రోజున విశాఖకు మేయరు లేడు, కార్పొరేటరు లేడు. ఆ తొమ్మిదేళ్ళలో కాంగ్రెస్, తెలుగుదేశం, వైసీపీ మూడూ రాష్ట్రాన్ని ఏలాయి. ఎన్నిక జరిగాక 98 మంది సభలో కమ్యూనిస్టులు ఇద్దరంటే ఇద్దరే గెలిచారు. అయినా ఆస్తి పన్ను మీద, చెత్త పన్ను మీద సభలో నిలదీసే గొంతు ఒకటి వినబడింది. పన్ను ఆగిందా అంటే వెంటనే ఆగలేదు, చెత్త పన్ను ప్రభుత్వం మారాకే పోయింది. అయితే ఆ ప్రశ్న సభ రికార్డుల్లోకి ఎక్కింది. అంతకుముందు తొమ్మిదేళ్ళలో ఎక్కడానికి రికార్డే లేదు.

మా భయమంతా ఇక్కడే. విశాఖను తొమ్మిదేళ్ళు ఆపినవారికి ఏమీ కాలేదు. చెన్నైని 2016 నుంచి 2022 దాకా ఆపినవారికి ఏమీ కాలేదు. ముంబై పాలకమండలి గడువు 2022 మార్చిలో తీరింది. నాలుగు నెలల్లో ఎన్నికలు ముగించమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ నాలుగు నెలలూ గడిచిపోయాయి, అక్కడా ఎవరికీ ఏమీ కాలేదు. ఒక ఊరిలో చెల్లిన పని పక్క ఊరికి పాఠమవుతుంది. తెలంగాణలో పంచాయతీలు 2024 ఫిబ్రవరి నుంచి, చాలా పురపాలికలు 2025 జనవరి నుంచి ప్రత్యేకాధికారుల చేతుల్లో నడిచాయి. 2025 సెప్టెంబరు ఆఖరులోగా పంచాయతీ ఎన్నికలు ముగించమని హైకోర్టు చెప్పవలసి వచ్చింది. బీసీలకు వాటా దక్కాలన్నదానిలో మాకు రెండో మాట లేదు. ఆ వాటా దక్కవలసిన సభలే లేకుండా చేసి, వాటా పేరు చెప్పడం మాత్రం మింగుడుపడదు.

కాంగ్రెస్ పార్టీకి ఈ విషయంలో సిగ్గు మరికాస్త ఎక్కువ ఉండాలి. పట్టణాలకు స్వయంపాలన అని 1989లో రాజీవ్ గాంధీ తెచ్చిన బిల్లు రాజ్యసభలో ఓడిపోయింది. తర్వాత దాన్ని 74వ సవరణగా నిలబెట్టినది మన పీవీ ప్రభుత్వం. గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలనే 243యు అధికరణ అచ్చ తెలుగు బిడ్డ ప్రధానిగా ఉన్న రోజుల్లో, 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. ఆ పార్టీ నాయకులు నేడు ఊరూరా ఎర్ర అట్ట రాజ్యాంగం ఎత్తి చూపుతున్నారు. ఆ పుస్తకంలో 243యు ఉన్న పేజీ ఒకటి ఉందని బెంగళూరులో గానీ హైదరాబాదులో గానీ వారికి ఎవరైనా గుర్తుచేశారా? బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. మొదటి రెండున్నరేళ్ళు ఈ వాయిదాను నడిపించి, ఇప్పుడు ప్రజాస్వామ్యం గురించి గొంతు చించుకుంటున్న బీజేపీ కూడా ఆ పల్లకీ బోయీల్లో ఒకటే.

నగరం మంచిచెడ్డలు పట్టించుకుంటామనే చదువుకున్న మధ్యతరగతికీ ఒక మాట. కార్పొరేటర్లు అవినీతిపరులు, అధికారుల పాలనే నయం అని కాలనీ సంఘాల్లో గుసగుసలాడేది మీరే. 2020 డిసెంబరులో హైదరాబాదు ఓటర్లలో సగానికి పైగా ఇంటి నుంచి కదలలేదు. ఓటు వేయని ఊరు నుంచి ఓటు లాక్కోవడం ఎంత సులువో ప్రభుత్వాలకు నేర్పినదీ మీరే.

హైదరాబాదు పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరిలో తీరింది. ఔటర్ రింగు రోడ్డు లోపలి పురపాలికలను కలుపుతారు, కలిపాక మళ్ళీ విడగొడతారు అన్న మాట అంతకుముందు చాలాకాలంగా వినబడింది. బెంగళూరు కథ మొదలైంది కూడా సరిగ్గా ఇలాంటి మాటతోనే. 2025 సెప్టెంబరులో చేతిలో ఇంకా ఐదు నెలలున్నాయి. హద్దులు, జాబితాలు, రిజర్వేషన్లు తేల్చడానికి అవి చాలవనే మంత్రివర్యులు, 2028లో తమ శాసనసభ గడువు తీరేటప్పుడు కూడా అదే మాట చెప్పి, ప్రత్యేకాధికారికి తాళాలు అప్పగించి ఇంటికి వెళ్ళగలరేమో ముందు చెప్పాలి.